నెలన్నర సెలవులు, ఇద్దరు పిల్లలు, మూడు వేలు: మద్రాసులో మీరేం చేస్తున్నారు?

రెండో అంతస్తు:

నమస్తే అండీ. మాది ఒంగోలు దగ్గర. పెళ్లయి మద్రాసు వచ్చి పదేళ్లు దాటింది. వేళచేరిలో అద్దె ఇల్లు, రెండో అంతస్తు, పైన డాబా. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఆరు.

సెలవులంటే ఇన్నేళ్లూ నాకు బెంగ లేదు. పరీక్షలయిన మర్నాడే ఇద్దర్నీ పినాకిని రైలు ఎక్కించి మా అమ్మ దగ్గర దింపి వచ్చేదాన్ని. ఈసారి అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. ఆవిడకే ఒక మనిషి తోడుండాలి. అంచేత జూన్ దాకా ఇద్దరూ నా నెత్తి మీదే.

నేను ఇంటి నుంచే పని చేస్తాను. పదకొండు నుంచి నాలుగు దాకా వరసగా ఫోన్లు, ఇన్సూరెన్స్ క్లెయిముల గొడవలు. మా ఆయనకి ఒరగడంలో ఫ్యాక్టరీ ఉద్యోగం. నైట్ షిఫ్టు వారం పగలంతా నిద్ర. ఉన్న ఒక్క ఏసీ ఆ గదిలోనే. పిల్లలు గట్టిగా నవ్వితే లోపల ఆయన లేస్తారు, ఇవతల నా కస్టమర్ 'ఏంటమ్మా ఆ గోల' అంటాడు.

మా వీధి చివర సమ్మర్ క్యాంపు పెట్టారు. రోజుకి రెండు గంటలు, మూడు వారాలు, ఒక్కొక్కరికి ఆరున్నర వేలు. పోయినేడు బాబుని పంపాను. ఐస్‌క్రీం పుల్లలతో చేసిన పెన్ను స్టాండు ఒకటి తెచ్చాడు, పెన్ను పెట్టగానే పడిపోయింది. థర్మకోల్ మీద తళుకులు అంటించి ఇంకోటి తెచ్చాడు. ఆ తళుకులు దీపావళి దాకా మంచం కింద మెరుస్తూనే ఉన్నాయి. ఈసారి ఇద్దరికీ పదమూడు వేలు కట్టే ఓపిక లేదు.

ఫోన్ ఇస్తే ఇల్లు సద్దుమణుగుతుంది, కాదనను. కానీ మొన్న రాత్రి పాప నిద్రలో 'స్కిప్ యాడ్, స్కిప్ యాడ్' అని కలవరించింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత నాకు నిద్ర పట్టలేదు.

సెలవుల మొత్తానికీ మూడు వేలు పక్కన పెట్టగలను. అంతకంటే లేదు. ఈ ఊళ్లో మన వాళ్లు పిల్లలతో ఏం చేస్తున్నారో చెప్పండి. ముఖ్యంగా ఆ పదకొండు నుంచి నాలుగు.

కావలి పిన్ని:

అమ్మాయ్, తళుకుల మాటకి నవ్వాగలా. మాది నెల్లూరు జిల్లా కావలి. మా ఆయన పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. ముగ్గురు పిల్లల్ని క్వార్టర్స్‌లో ఒక్క ఫ్యాను కింద పెంచా. ఇప్పుడు ఎండాకాలం వస్తే మనవళ్లు ఇద్దరూ మా ఇంట్లోనే. కాబట్టి నా మాట కాస్త విను.

ముందు ఒకటి. పొద్దస్తమానం వాళ్లకి ఏదో ఒకటి నువ్వే చూపించాలనుకోబాక. 'అమ్మా, బోరు' అంటే 'అట్టాగా' అని నీ పని నువ్వు చేసుకో. అరగంట గోడకి ఆనుకుని ఏడుస్తారు. ఆ తర్వాత వాళ్లే ఏదో ఒకటి ఎత్తుకుంటారు. ఆ అరగంట ఓర్చుకోలేకే మనం ఫోన్ చేతికిస్తాం.

ఇక ఆ ఐదు గంటలకి. కిరాణా కొట్లో గింజ తీసిన చింతపండు కొనబాక, గింజ చింతపండే అడిగి తీసుకో. ఒలిచే పని వాళ్లకే ఇవ్వు. ఒక పూట గడిచిపోద్ది. పిక్కలు కడిగి ఎండబెట్టండి. డెబ్బై పిక్కలయితే వామనగుంటలు ఆడొచ్చు, పద్నాలుగు గుంటలకి అయిదేసి. పీట లేదా, కోడిగుడ్ల అట్ట ఉంది కదా. దాన్లో వరసకి ఆరే గుంటలుంటాయి. రెండు వరసలు కోసి, ఏడో గుంట కోసం ఇంకో అట్టలోంచి రెండు కోసి అతికించు. ఆ అతికించేది కూడా నువ్వు చెయ్యబాక.

ఆట తెలుసు కదా, మర్చిపోయి ఉంటే చెప్తా. నీ వైపు ఒక గుంటలోవి తీసి ఒక్కోటీ పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. పక్కది ఖాళీ అయితే ఆ ఖాళీని తుడిచి, దాని అవతలి గుంటలో ఎన్నుంటే అన్నీ నీవే. మా చిన్న మనవడికి కూడికలు రావని టీచరు చీటీ రాసి పంపిందా, వాడు ఏ గుంటలోంచి ఎత్తితే ఎక్కడ ఆగుద్దో చూపుతోనే లెక్కేసి నన్ను రోజూ ఓడిస్తాడు.

అష్టాచమ్మాకి గవ్వలు కొనేపని లేదు. నాలుగు పిక్కలు తీసుకుని, గచ్చు మీద చుక్క నీళ్లు వేసి, ఒక పక్క అరగదీయమను. గోధుమరంగు తోలు పోయి లోపలి తెల్ల పప్పు కనపడాలి. ఒక్కో పిక్కకీ పావుగంట పట్టుద్ది. చేతులు నొప్పంటారు, అననీ. మధ్యలో వేడెక్కిన పిక్కని పక్కనోడి చేతికి అంటించి చురక పెడతారు, అది మాత్రం కనిపెట్టుకో. నాలుగూ తెల్లగా పడితే చమ్మ, నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్ట, ఎనిమిది. ఆ రెంటికీ ఇంకో పందెం ఉంటది. పలక మీద అయిదు అయిదుల గళ్లు గీసి ఇవ్వు. పందెం గచ్చు మీద కాకుండా మడిచిన దుప్పటి మీద వెయ్యమను, లోపల మీ ఆయన నిద్ర పాడవదు.

డాబా ఉందన్నావు, అది పెద్ద ఆస్తి. వడియాలు పెట్టించు. సగ్గుబియ్యం నువ్వు ఉడికించు, వేడి కాబట్టి. చల్లారాక పొద్దున ఏడింటికల్లా పాత పంచె పరిచి చెంచాతో పెట్టేది వాళ్లు. తొమ్మిది దాకా కాకుల కాపలా, నీడలో కూచుని. ఆ తర్వాత పిల్లల్ని కిందికి దించెయ్. సాయంత్రం గుడ్డ తిరగేసి వెనక నీళ్లు చల్లితే వడియాలు ఊడొస్తాయి. పిల్లలకి ఆ ఊడదీసేదే ఇష్టం. వంకరవి, విరిగినవి వాళ్ల కూలి.

ఎండ మాత్రం తేలిగ్గా తీసుకోబాక. ఈడ వాళ్లు కత్తిరి అంటారు, మే 4 నుంచి 28 దాకా. దాని తోక పట్టుకుని మన రోహిణి కార్తె. రోళ్లే పగిలే ఎండలో పిల్లలెంత. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే సరే. పడమటి గాలి గట్టిగా కొట్టి సముద్రపు గాలి ఆలస్యమైన రోజు సాయంత్రం అయిదయినా డాబా ఎక్కనీబాక, కాళ్లు కాలతాయి.

ఆఖరి పెట్టె:

అక్కా, నాది పెరుంగుడి. పిల్లల్లేరు, కానీ అన్నయ్య పిల్లలు రాజమండ్రి నుంచి వస్తే తిప్పేది నేనే. మీరు వేళచేరి అంటున్నారు, ఇంటి పక్కన ఎగ్జిబిషన్ పెట్టుకుని దారి అడుగుతున్నారు. ఎంఆర్‌టీఎస్ అక్కా, మన ఊరి లోకల్ రైలు! వేళచేరి నుంచి బీచ్ స్టేషన్ సుమారు 19 కిలోమీటర్లు. చాలా భాగం వంతెన మీదే. టికెట్ అయిదూ పది రూపాయల లెక్క. ఆదివారం పొద్దున్నే ఎక్కండి, పెట్టెలన్నీ ఖాళీ. పిల్లలు కిటికీ మార్చి కిటికీ చూసుకుంటూ పోవచ్చు. తలుపు దగ్గర మాత్రం మీరు నిలబడండి.

దారిలో చాలా దూరం నల్లటి నీళ్ల కాలవ ఒకటి తోడొస్తుంది, ముక్కు మూసుకుని చూడండి. అది బకింగ్‌హామ్ కాలువ. మీ ఒంగోలు పక్కన పారేదీ అదే. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్లు. 1877 ప్రాంతంలో కరువొస్తే కూలి జనానికి పని చూపించడానికని అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ మద్రాసులో కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్క తవ్వించాడు, అందుకే ఆ పేరు. ఒకప్పుడు మన వైపు నుంచి ఉప్పు, కట్టెలు ఈ కాలవలోనే పడవల మీద మద్రాసు వచ్చేవి. మా అన్నయ్య కొడుక్కి ఈ మాట చెప్తే 'ఇప్పుడు పడవెక్కితే ఎక్కడ ఇరుక్కుంటాం బాబాయ్' అని స్టేషన్ స్టేషన్‌కీ అడిగాడు.

లైట్ హౌస్ స్టేషన్‌లో దిగితే మెరీనా. సూర్యుడు రాకముందే ఉండాలి, ఏడున్నరకి తిరుగు రైలు. నీళ్లలోకి దింపొద్దు, ఆ అలలు కాలి కింద ఇసుక లాగేస్తాయి.

కొట్టూరుపురంలో దిగితే అణ్ణా శతజయంతి గ్రంథాలయం. 2010లో కట్టారు, లోపలికి వెళ్లడానికి పైసా అక్కర్లేదు, ఏసీ. మొదటి అంతస్తులో పిల్లల విభాగం ఉంది. స్టేషన్ నుంచి నడిచే దూరమే గానీ మేలో ఆటో మాట్లాడుకోండి. మీకు పని లేని శనివారం మధ్యాహ్నాలకి ఇంతకంటే చవకైన చల్లటి చోటు ఈ ఊళ్లో నాకు తెలియదు.

ఎగ్మూరు మ్యూజియంకి శుక్రవారం వెళ్లకండి, సెలవు. నేను వెళ్లి గేటు చూసి వచ్చాను.

నైట్ డ్యూటీ:

అందరూ బాగా చెప్పారు. నేను వేరే మాట చెప్తాను, కోప్పడకండి. నేను నర్సుని, పల్లావరంలో ఉంటాం. ఒక్కడే బాబు, ఎనిమిదేళ్లు. మా వారు వేరే ఊళ్లో. అష్టాచమ్మా బాగుంది పిన్నిగారూ, ఆడే రెండోవాళ్లేరి? వడియాలు బాగున్నాయి, డాబా మీద వాడితో ఉండేదెవరు? నాలాంటి వాళ్లం క్యాంపుకి డబ్బు కట్టేది ఆటలకి కాదు, కాపలాకి. అది తప్పని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

అయినా కట్టలేకపోయాను, అది వేరే సంగతి. మా బ్లాకులో ముగ్గురు తల్లులం వంతులు వేసుకున్నాం. నేను తెలుగు, ఒకావిడ తమిళం, ఇంకొకావిడది ఒరిస్సా. నాకు నైట్ అయిన మర్నాడు నా ఇంటికి ఎవరూ రారు. ఆఫ్ రోజున అయిదుగురు పిల్లలూ నా దగ్గరే. ఖర్చు లేదు, ఎవరి టిఫిన్ డబ్బా వాళ్లదే. మొదటి వారమే తగువొచ్చింది. ఒకావిడ తన వంతు రోజు మొత్తం టీవీ పెట్టేసింది, ఇంకొకావిడ అలిగింది. కూచుని మాట్లాడుకుని గంటన్నర టీవీ అని రాజీ అయ్యాం. గోడ మీద కాగితం అంటించాం. రెండో ఏడాది ఇది, నడుస్తోంది.

ఒకటే జాగ్రత్త. ఎవరికి ఏది పడదో, ఏ మందు ఇవ్వకూడదో, ఎవరి ఫోన్ నంబరు ఏదో రాసి ఫ్రిజ్ మీద పెట్టండి. మొదటి రోజే.

కావలి పిన్ని:

నర్సమ్మా, నువ్వన్నది నిజం. మా రోజుల్లో క్వార్టర్స్ అంతా ఒకే ఇల్లు, ఎవరి పిల్లలు ఎవరింట్లో తిన్నారో లెక్కుండేది కాదు. అందుకే నాకు ఆ మాట తట్టలా. అమ్మాయ్, ముందు ఆవిడ చెప్పింది చెయ్, తర్వాతే నా పిక్కలు.

రెండో అంతస్తు:

మూడు వారాలయింది, ఏమయిందో చెప్పకపోతే బాగుండదని వచ్చాను.

కింద వాటాలో తమిళ కుటుంబం ఉంది, వాళ్ల పాపకి ఏడేళ్లు. వాళ్లమ్మ ఉదయం ఇంట్లోనే ఉంటారు, మధ్యాహ్నం రెండింటికి కుట్టుపనికి వెళ్తారు. ఇన్నేళ్లూ నవ్వుకోవడం తప్ప మాట్లాడుకున్నది లేదు. వెళ్లి అడిగాను. పదకొండు నుంచి రెండు దాకా ముగ్గురూ ఆవిడ దగ్గర. రెండు నుంచి నా దగ్గర, నా ఫోన్లు అప్పటికి పలచబడతాయి. సాయంత్రం ఆవిడ వచ్చేదాకా వాళ్ల పాప మా ఇంట్లోనే. నర్సు అక్కా, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కాగితం ఫ్రిజ్ మీద ఉంది.

వామనగుంటల్ని వాళ్లు పల్లాంగుళి అంటారట. కింద పాప వాళ్ల తాతగారు ఆట చూసి ఊరుకోలేక మెట్లెక్కి వచ్చేశారు. ఆయన లెక్క వేరు, ఏ గుంటలోనైనా నాలుగు పడితే అవి ఆ గుంట వాళ్లవి. మా వాడు 'మా పిన్నమ్మమ్మ అలా చెప్పలేదు' అని వాదన. పిన్నిగారూ, మిమ్మల్ని వాడు చూడలేదు గానీ తీర్పులన్నీ మీ పేరు మీదే నడుస్తున్నాయి.

అరగదీసే పని మాత్రం మేం చెడగొట్టుకున్నాం. వీళ్లు నాలుగు చాలదని పదిహేను అరగదీశారు, సగం పిక్కలు రెండు వైపులా తెల్లబడిపోయాయి. వాటితో ఆడితే రోజూ చమ్మే.

ఆదివారం రైలెక్కాం. మామూలు సిటీ బస్సులో అయితే ఆడవాళ్లం కాబట్టి నాకూ పాపకీ ఉచితం, బాబుకే టికెట్. వాడికి అది పెద్ద గౌరవం, మగాణ్ణి కాబట్టి డబ్బు కడుతున్నానని చెల్లెలికి చెప్తాడు. రైల్లో అందరికీ టికెట్టే అయ్యేసరికి మొహం మాడ్చుకున్నాడు. తమ్ముడూ, నువ్వు చెప్పిన కాలవ చూపించాను. పదేళ్లుగా ఈ మురుక్కాలవ పక్కనుంచి తిరుగుతున్నాను, మా చిన్నప్పుడు కొత్తపట్నం వెళ్తూ దాటిన కాలవ ఇదేనని నాకు తట్టనే లేదు. ఆ పూటే అమ్మకి ఫోన్ చేశాను. వాళ్ల తాత ఆ కాలవ పడవల్లో కట్టెలు వేసి పంపేవాడని అప్పుడు చెప్పింది! నాకు నలభై రావస్తున్నాయి, ఇన్నాళ్లూ ఆ మాటే లేదు. బాబు ఫోన్ లాక్కుని అరగంట మాట్లాడాడు. ఎన్ని రోజులు పట్టేది, అన్నం ఎక్కడ వండుకునేవాళ్లు, పడవలో పాములొచ్చేవా. అమ్మకి మోకాలి నొప్పి ఆ అరగంట గుర్తు రాలేదట.

ఎగ్మూరు మ్యూజియం కూడా అయింది, బుధవారం సెలవు పెట్టుకుని వెళ్లాం. తిమింగలం అస్థిపంజరం దగ్గర పాప నా కాళ్లకి చుట్టుకుంది. అమరావతి స్తూపం రాళ్ల దగ్గర ఒక గుండ్రటి చెక్కడం ఉంది. మదపుటేనుగు వీధిలో మనిషిని తొక్కేస్తుంటే, అదే ఏనుగు పక్కనే బుద్ధుడి ముందు మోకాళ్ల మీద వంగి ఉంటుంది. 'రెండు ఏనుగులు' అంది పాప. 'కాదు, ఒకటే, ఇది ముందు, ఇది తర్వాత' అన్నాడు బాబు. కిటికీల్లోంచి తొంగి చూసే ఆడవాళ్లని ఇద్దరూ లెక్కపెట్టారు, లెక్క కుదరక మళ్లీ మొదలు. ఒక్క రాయి దగ్గర ఇరవై నిమిషాలు. మిగతావి పరిగెత్తుకుంటూ చూశాం.

అన్నింటికంటే ఎక్కువ రోజులు నడిచింది ముంజెల బండి. వీధి మొదట్లో ముంజెలు అమ్మే అతని దగ్గర డజను కొని, ఖాళీ తాటిబుర్రలు రెండు అడిగి తెచ్చాను. ఏం చెయ్యాలో నాకు తెలుసు గానీ చెయ్యడం రాదు. మా ఆయన నైట్ షిఫ్టు చేసి పడుకున్న మనిషి, మూడింటికి మంచినీళ్ల కోసం లేచి వాటిని చూశారు. నిద్ర ఎగిరిపోయింది. ఇద్దర్నీ వేసుకుని వెళ్లి ఎవరో నరికి పడేసిన వేపకొమ్మల్లోంచి పంగ ఉన్న కర్ర ఏరుకొచ్చారు. జానెడున్నర పుల్ల చెక్కి, రెండు బుర్రలకీ నడిమధ్యలో గుచ్చి ఇరుసు చేశారు. పంగకర్రని ఆ ఇరుసు మీద ఆనించి తోస్తే బండి. మొదటి బండి తిన్నగా పోకుండా గిర్రున చుట్టూ తిరిగింది, ఒక బుర్ర పెద్దది. సమానమైనవి ఏరుకు రావడానికి మళ్లీ వెళ్లారు, మళ్లీ డజను ముంజెలు. ఆయన డాబా మీద లుంగీ ఎగ్గట్టి బండి తోస్తుంటే పక్కింటి మేడ మీంచి ఎవరో ఈల వేశారు. కింది తాతగారు 'నుంగు వండి!' అని కేకేసి, ఆయనా ఒక చుట్టు తోశారు. మూడో రోజుకి బుర్రలు ఎండి ముడుచుకుని వాసన మొదలవుతుంది, ఈగలు. పారేసి కొత్తవి చెయ్యాలి. ఇప్పటికి అయిదో బండి నడుస్తోంది.

వడియాలు సగం కాకులకి, పావు వంతు కూలికి, మిగిలినవి డబ్బాలో.

ఇప్పటికి ఖర్చు పదకొండు వందల నలభై. అందులో నాలుగు వందలు పైన ముంజెలకే. ఫోన్ మానలేదు, అబద్ధం చెప్పను. నాలుగు నుంచి అయిదు దాకా ఇస్తున్నాను, నాకూ ఒక టీ తాగే వేళ కావాలి.

ఇంకో మాట. రెండు వైపులా అరిగిపోయిన ఆ పిక్కలు పారేయడానికి పాప ఒప్పుకోలేదు, తులసి కుండీ పక్కన ఖాళీ కుండీలో పాతింది. అరగదీసినవి తొందరగా మొలుస్తాయేమో, రెండు మొలకలొచ్చేశాయి. రోజూ వాటికి నీళ్లు పోసి, నీడ ఎప్పుడొస్తుందని అడుగుతోంది. రెండో అంతస్తు బాల్కనీలో చింతచెట్టు పెంచడం ఎలాగో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

కావలి పిన్ని:

నీడ దాకా ఎందుకమ్మాయ్. ఓ పది పిక్కలు పాతించు, చిగురు వచ్చాక పప్పులో వేసుకో.